ధ్వనిముద్రణ కూడా పాఠమే: ఈ ఏడాది విన్న అయిదు రికార్డుల సాహిత్య పరిశీలన

వ్యాససంగ్రహం:

ఏడాది చివర సంగీతరసికులు తమకు నచ్చిన ధ్వనిముద్రణలను ఏర్చి చెప్పుకోవడం పరిపాటి. ఆ ఎంపికకు సాధారణంగా రాగం, గాత్రం, మనోధర్మం ప్రాతిపదికలవుతాయి. కర్ణాటక సంగీతంలో పాడే కృతులలో అధికభాగం తెలుగువైనప్పటికీ, సాహిత్యం ఎంతవరకు వినిపించిందనే ప్రశ్న ఆ ఎంపికలలో అరుదుగా కనిపిస్తుంది. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్, బృంద-ముక్త సోదరీమణులు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి, ఓలేటి వేంకటేశ్వర్లు గార్ల ధ్వనిముద్రణలను ఆ ప్రశ్నతో పరిశీలించి, ధ్వనిముద్రణను తెలుగు పరిశోధకులు ఒక పాఠంగా స్వీకరించాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: ధ్వనిముద్రణ, ధాతువు, మాతువు, పాఠం, పదవిభాగం, చరణలోపం, వాగ్గేయకారులు.

1. ఉపోద్ఘాతం:

ఈ ఏడాది స్నాతకోత్తర తరగతిలో క్షేత్రయ్య పదమొకటి పాఠంగా చెప్పవలసి వచ్చింది. పదాన్ని చదివించి, నాయికావస్థను వివరించి, చివరగా బృంద-ముక్త సోదరీమణులు పాడిన రికార్డును వినిపించాను. విన్న తరువాత ఒక విద్యార్థిని, "మేడమ్, ఇది మనం చదివిన పదమేనా?" అని అడిగింది. అప్పటికి నా దగ్గర సరైన సమాధానం లేదు. ఇంటికి వెళ్లి, ముద్రిత ప్రతిని ఎదురుగా పెట్టుకుని మళ్లీ విన్నప్పుడు విషయం బోధపడింది. గాయనులు పల్లవితో మొదలుపెట్టలేదు, అనుపల్లవితో ఎత్తుకున్నారు. మూడు చరణాలలో ఒక్కటే పాడారు. విలంబకాలంలో ఒక్కొక్క మాట అంతసేపు సాగడంతో వాక్యం ఎక్కడ ముగిసిందో మొదటిసారి విన్నవారికి అందలేదు. విద్యార్థిని ప్రశ్నలో అజ్ఞానం లేదు. ఆమె చదివిన పాఠం ఒకటి, విన్న పాఠం మరొకటి.

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. డిసెంబరులో మద్రాసు సంగీతోత్సవాలు మొదలయ్యేసరికి నచ్చిన కచేరీలు, నచ్చిన రికార్డులు అంటూ రసికుల మధ్య చర్చ సాగుతుంది. ఈ ఏడాది నా ఎంపికను కూడా చెప్పదలచాను. ఇందులో కొత్తగా విడుదలైనవి లేవు. పాత రికార్డులనే కొత్త ప్రశ్నతో, పుస్తకం పక్కన పెట్టుకుని విన్నాను.

2. ధాతువు – మాతువు:

సంగీతశాస్త్రం గేయంలోని స్వరరచనను ధాతువు అని, పదరచనను మాతువు అని వ్యవహరిస్తుంది. ఈ రెండింటినీ కూర్చగలవాడు వాగ్గేయకారుడు. మన విద్యావ్యవస్థలో ఈ రెండూ వేర్వేరు విభాగాల పాలయ్యాయి. సంగీతశాఖలు ధాతువును, తెలుగుశాఖలు మాతువును పరిశీలిస్తున్నాయి. తెలుగుశాఖలలో త్యాగరాజు, క్షేత్రయ్య, అన్నమాచార్యులపై వచ్చే పరిశోధనలు దాదాపు అన్నీ ముద్రిత సంపుటాల ఆధారంగానే సాగుతాయి. ఒక సదస్సులో నేను ధ్వనిముద్రణను ఆధారంగా చూపినప్పుడు, అది ఉల్లేఖనకు అర్హమైన మూలం కాదని ఒక పెద్దలు అభ్యంతరం చెప్పారు. తాళపత్రంలో లేఖకుడు ఒక పాదాన్ని విడిచిపెడితే దాన్ని గ్రంథపాతమని గుర్తించి చర్చిస్తాం. గాయకుడు రెండు చరణాలు విడిచిపెడితే ఎందుకు చర్చించము? ఆ అభ్యంతరానికి నా సమాధానం ఈ ప్రశ్నే.

చరణలోపానికి చారిత్రక కారణాలున్నాయి. భారతదేశంలో గ్రామఫోన్ ముద్రణ 1902లో కలకత్తాలో మొదలైంది. అటుపైన దశాబ్దాలపాటు రాజ్యమేలిన 78 వేగపు పది అంగుళాల రికార్డులో ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. అయితే దోషమంతా యంత్రానిది కాదు. కృతిలోని చరణాలన్నింటికీ ఒకే ధాతువు ఉన్నప్పుడు, స్వరం పునరుక్తమవుతుందన్న భావనతో కచేరీ గాయకులు ఒక్క చరణంతో, తరచుగా వాగ్గేయకారుని ముద్ర ఉన్న చివరి చరణంతో సరిపెట్టుకుంటారు. స్వరదృష్ట్యా అది పొదుపు. సాహిత్యదృష్ట్యా మాత్రం నష్టం, ఎందుకంటే ధాతువు తిరిగి మొదటికి వచ్చినా మాతువు ముందుకు నడుస్తూనే ఉంటుంది. ధాతువు పునరుక్తమైన చోటనే మాతువు లోపిస్తున్నదన్నది ఈ వ్యాసం చేసే ప్రధాన పరిశీలన.

ఈ దృష్టితో ప్రతి రికార్డునూ నాలుగు ప్రశ్నలతో విన్నాను. ఏ చరణాలు ఉన్నాయి? ఏ భాగంతో ఎత్తుకున్నారు? మాటను ఎక్కడ విరిచారు? ఏ మాటపై నిలిచారు?

3. ఎంపిక చేసిన ధ్వనిముద్రణలు:

3.1 ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ – 'నగుమోము':

ముసిరి (1899–1975) గ్రామఫోన్ రికార్డుగా ఇచ్చిన ఈ త్యాగరాజ కృతి దక్షిణదేశమంతటా మారుమోగింది. ఆభేరిని దీక్షితర్ సంప్రదాయం శుద్ధధైవతంతో చూపుతుంది. ఈనాడు ఈ కృతి విస్తృతంగా వినిపించేది చతుశ్రుతి ధైవతంతో. ఈ పద్ధతి వ్యాప్తికి ముసిరి రికార్డుకు దక్కిన ఆదరణ తోడ్పడిందన్న అభిప్రాయం సంగీతలోకంలో ఉంది. ఒక రికార్డు రాగస్వరూపాన్నే స్థిరపరచగలిగితే, సాహిత్యపాఠాన్ని స్థిరపరచడంలో ఆశ్చర్యం లేదు.

ఈ కృతికి ఉన్నది ఒక్క చరణమే. అందువల్ల రికార్డు పరిమితికి లోబడి కూడా సాహిత్యం సంపూర్ణంగా వినిపించే అవకాశం దీనికి దక్కింది. భక్తుడు పల్లవిలో తన వేదన తెలిసి కూడా కావరాలేవా అని రాముణ్ణి నిలదీస్తాడు. అనుపల్లవిలో చుట్టూ ఉన్నవారు చెడు చెప్పేవారు కారే అని తనకు తానే నచ్చజెప్పుకుంటాడు. చరణంలో గరుడునిపైకి అనుమానం మళ్లుతుంది. ఆజ్ఞ వినగానే బయలుదేరలేదా, ఆకాశం నుంచి భూమి చాలా దూరమన్నాడా అని అడుగుతాడు. ఆర్తి, సమాధానం, వక్రోక్తి అనే మూడు మెట్లూ ఇక్కడ చెక్కుచెదరలేదు. ముసిరి గానంలో నాకు నచ్చింది గరుడుని ప్రస్తావన దగ్గర వినిపించే దైన్యం. ఆ మాటలలోని చమత్కారాన్ని ఆయన చమత్కారంగా పాడలేదు. ఏడుస్తున్నవాడు అన్న మాటగానే పాడారు. ఆ ఎంపిక ఒక వ్యాఖ్యానం. ముద్రిత వ్యాఖ్యానాలలో ఎత్తిపొడుపుగా చదవదగిన వాక్యం ఇక్కడ నిస్సహాయతగా మారింది.

3.2 బృంద-ముక్త సోదరీమణులు – క్షేత్రయ్య పదాలు:

వీణ ధనమ్మాళ్ (1867–1938) మనుమరాళ్లయిన బృంద, ముక్త గార్ల గానం పదసంప్రదాయానికి ప్రామాణికంగా నిలిచింది. తరగతిలో ఎదురైన ప్రశ్నకు సమాధానం వెతుకుతూ ఈ ఏడాది అత్యధికంగా విన్నవి వీరి పదాలే.

కొన్ని పదాలను అనుపల్లవితో ఎత్తుకోవడం పదగాన సంప్రదాయం. దీని సాహిత్యఫలితం గమనించదగినది. పుస్తకంలో చదివినప్పుడు నాయిక మొదట తన తీర్పు చెబుతుంది, ఆపైన కారణాన్ని వివరిస్తుంది. విన్నప్పుడు ముందు సందర్భం తెలుస్తుంది, పల్లవి దానికి జవాబుగా వస్తుంది. చదివిన నాయిక నిర్ణయం తీసుకున్న తరువాత మాట్లాడుతున్నట్లు అనిపిస్తే, విన్న నాయిక మన ఎదుటే నిర్ణయానికి వస్తున్నట్లు అనిపిస్తుంది. అక్షరం మారలేదు, వరుస మారింది. వరుసతోపాటు నాయిక మనఃస్థితి కూడా మారింది.

విలంబకాలం విషయం కూడా ఇలాంటిదే. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. మాట మాటకూ నడుమ గమకం పరచుకున్నప్పుడు ఆ క్రియ కోసం శ్రోత ఎదురుచూడవలసి వస్తుంది. విరహమే వస్తువైన పదంలో వాక్యనిర్మాణమే నిరీక్షణగా మారడం ఈ గానంలోని విశేషం. సంగతులు మారుతూ పల్లవి తిరిగి వచ్చినప్పుడు మొదటిసారి అందని అన్వయం రెండోసారి అందుతుంది. ఆ విద్యార్థిని అడగగానే నేను చేయవలసిన పని రికార్డును మరొకసారి వినిపించడమే.

వీరి గానంలోనూ చరణలోపం ఉంది. మూడు చరణాల పదంలో మొదటి చరణం సమాగమాన్ని తలచుకుంటే, రెండవది మాటతప్పిన సందర్భాన్ని, మూడవది ప్రస్తుత స్థితిని చెప్పడం క్షేత్రయ్యలో కనిపించే క్రమాలలో ఒకటి. అటువంటి పదంలో ఒక్క చరణమే వినిపిస్తే నాయికకు గతం ఉంటుంది గాని కథ ఉండదు. గానం ఎంత ఉత్తమమైనదైనా ఈ మాట చెప్పక తప్పదు.

3.3 మంగళంపల్లి బాలమురళీకృష్ణ – రామదాసు కీర్తనలు:

తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో 1930లో జన్మించిన బాలమురళీకృష్ణ, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడిగా త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. భజనగోష్ఠులలో జీవించిన భద్రాచల రామదాసు కీర్తనలకు ఆయన కచేరీ వేదికపైనా రికార్డులలోనూ గౌరవస్థానం కల్పించారు.

ఈ ముద్రణలలో నాకు ముఖ్యంగా తోచింది మాటతీరు. రామదాసు రాముణ్ణి బతిమాలుతాడు, దెప్పుతాడు, లెక్కలు అడుగుతాడు. అది ఇంట్లో పెద్దవారితో పేచీ పెట్టుకునే మనిషి భాష. తెలుగు మాతృభాష అయిన గాయకునికి ఆ కాకువు సహజంగా పలుకుతుంది. ప్రశ్నార్థకం దగ్గర స్వరం కొద్దిగా పైకి లేవడం, సంబోధన దగ్గర మెత్తబడడం నేర్పితే వచ్చేవి కావు.

చరణలోపం సాహిత్యాన్ని ఎంతగా దెబ్బతీస్తుందో చూపడానికి రామదాసు రచనలలోని కాంభోజి రాగ కీర్తన 'ఇక్ష్వాకు కులతిలక' ఉత్తమ ఉదాహరణ. భరతునికి చేయించిన పచ్చల పతకం, శత్రుఘ్నునికి చేయించిన బంగారు మొలతాడు, లక్ష్మణునికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం అంటూ ఒక్కొక్క చరణం ఒక్కొక్క నగను పేర్కొంటుంది. చెరసాలలో ఉన్న తహసీల్దారు దేవుని ముందు విప్పిన పద్దుపుస్తకం అది. ధాతువు ఒకటే కదా అని నాలుగు చరణాలు తగ్గిస్తే నాలుగు పద్దులు కొట్టివేసినట్లే. చరణాలు పెరిగేకొద్దీ భక్తుని ఉక్రోషం పెరుగుతుంది. ఆ పెరుగుదలే ఈ కీర్తనకు శిల్పం. రామదాసు కీర్తనలను పూర్తిగా పాడిన భజనమండలి గానాన్ని, కుదించి పాడిన పండితగానాన్ని పక్కపక్కన ఉంచి చూస్తే, సాహిత్యపాఠం విషయంలో భజనమండలిదే పైచేయి కావచ్చు. తెలుగు పరిశోధకులు ఆలోచించవలసిన సంగతి ఇది.

3.4 ఎం.ఎస్. సుబ్బులక్ష్మి – అన్నమాచార్య కీర్తనలు:

తిరుమల తిరుపతి దేవస్థానం పక్షాన 1979–80 ప్రాంతంలో వెలువడిన 'శ్రీ వేంకటేశ్వర (బాలాజీ) పంచరత్నమాల' లాంగ్ ప్లే రికార్డులు అన్నమాచార్యుల సాహిత్యాన్ని ఇంటింటికీ చేర్చాయి. తిరుమలలో లభించిన రాగిరేకులపై కీర్తనలకు రాగనామాలు ఉన్నాయి గాని స్వరలిపి లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి పరిష్కరణ కృషి తరువాత, స్వరకల్పన ఆధునికుల బాధ్యత అయింది. అంటే ఇక్కడ మాతువు పదిహేనవ శతాబ్దికి చెందిన కవిది, ధాతువు మన కాలపు విద్వాంసులది. వ్రాతలో పరిష్కరించిన సాహిత్యానికి తరువాత స్వరం కూర్చడం వల్ల చరణాలకు రక్షణ దొరికింది. ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టే లాంగ్ ప్లే రికార్డు కూడా అందుకు సాయపడింది.

నేదునూరి కృష్ణమూర్తి రేవతి రాగంలో స్వరపరచిన 'నానాటి బతుకు'ను తీసుకుందాం. మొదటి చరణం పుట్టుకకూ పోకకూ నడుమ జరిగే వ్యవహారాన్ని నాటకంగా చూపుతుంది. రెండవది తినే తిండి, కట్టే బట్టల ప్రస్తావనకు దిగుతుంది. మూడవది పాపపుణ్యాల మీదుగా వేంకటేశ్వరుని చేరుతుంది. నడిమి చరణం లేకపోతే కీర్తన తత్త్వం నుంచి తత్త్వానికి దూకుతుంది. అన్నం, వస్త్రం ఉన్నాయి కాబట్టే ఆ వేదాంతం మన ఇంటి మాట అయింది. సుబ్బులక్ష్మి గానంలో మూడు చరణాలూ వినిపిస్తాయి. పైగా ఏ చరణానికీ అలంకారాల బరువు లేదు.

తమిళం మాతృభాషగా గల గాయని తెలుగును ఇంత స్పష్టంగా పలకడం వెనుక కృషి ఉంది. తమిళలిపిలో వర్గాక్షరాల భేదం లేనందున, తమిళలిపిలో అచ్చయ్యే కృతుల పుస్తకాలలో అక్షరం పక్కన అంకెలు వేసి ఆ భేదాన్ని సూచించే పద్ధతి ఉంది. ఒత్తు అక్షరం కోసం అంకె చూసుకుని సాధన చేసిన తరాలు తెలుగు కృతులను బతికించాయి. తమిళగాయకుల ఉచ్చారణను తప్పుపట్టే ముందు మనం ఈ ఋణాన్ని గుర్తుచేసుకోవాలి.

3.5 ఓలేటి వేంకటేశ్వర్లు – రేడియో కచేరీలు:

విజయవాడ ఆకాశవాణి కేంద్రంతో పెనవేసుకున్న జీవితం ఓలేటి (1928–1989) గారిది. మునుగంటి వెంకటరావు పంతులు, డాక్టర్ శ్రీపాద పినాకపాణి గార్ల వద్ద శిక్షణ పొందిన ఆయన గానం ప్రధానంగా రేడియో ముద్రణల ద్వారా, రసికుల సొంత టేపుల ద్వారా మనకు చేరింది.

ఓలేటివారి ముద్రణలను ఎంచుకోవడానికి కారణం నెరవు. నెరవులో గాయకుడు కృతిలోని ఒక పాదాన్ని ఎంచుకుని, దాని అక్షరాలను తాళంలో యథాస్థానంలో నిలుపుతూ స్వరాన్ని విస్తరిస్తాడు. ఏ పాదాన్ని ఎంచుకోవాలన్నది సాహిత్యవిమర్శకుని నిర్ణయం వంటిది. అర్థం పూర్తికాని చోట నెరవు ఎత్తుకుంటే సగం వాక్యమే పదిసార్లు వినిపిస్తుంది. సమాసం నడుమ ఊపిరి తీసుకుంటే కొత్త అర్థం, కొన్నిచోట్ల అపార్థం పుడుతుంది. నేను విన్నంతలో ఓలేటివారు మాటను విరిచే చోటు అర్థం విరిగే చోటుగా ఉండదు. హిందుస్తానీ గానంపై ఆయనకున్న మక్కువ స్వరవిహారంలో తెలుస్తున్నా, మాట దగ్గరకు వచ్చేసరికి నడక నెమ్మదిస్తుంది. ఇది ఉచ్చారణశుద్ధికి మించిన గుణం. దీన్ని అన్వయశుద్ధి అనవచ్చు.

4. చర్చ:

అయిదు ముద్రణలనూ కలిపి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఒకే చరణమున్న కృతికి మూడు నిమిషాల రికార్డు మేలు చేసింది. బహుచరణ రచనలకు అదే పరిమితి, కచేరీ పద్ధతితో కలిసి, కీడు చేసింది. లాంగ్ ప్లే రికార్డు, ఆపైన క్యాసెట్ వచ్చినప్పుడు వ్యవధి పెరిగింది. నేటి డిజిటల్ ముద్రణకు వ్యవధి పరిమితి లేదనే చెప్పాలి. అయినా కొత్తగా వస్తున్న కృతుల ముద్రణలలో ఒక్క చరణం పద్ధతి చాలావరకు కొనసాగుతూనే ఉంది. యంత్రం విధించిన నియమం యంత్రం పోయాక సంప్రదాయమైంది.

దీనికి గాయకులను మాత్రమే బాధ్యులను చేయడం న్యాయం కాదు. రెండవ చరణంలో ఏముందో చెప్పి, అది లేకపోతే ఏమి పోతుందో వివరించవలసినవారు తెలుగు చదువుకున్నవారు. ఆ పని చేయక, ఉచ్చారణ దోషాలను లెక్కపెట్టడంతో మనం తృప్తిపడ్డాం. సాహిత్యం తెలియని గాయకుడు ఎంత ఉన్నాడో, గానం వినని సాహిత్యాధ్యాపకుడూ అంతే ఉన్నాడు. తరగతిలో తడబడిన నేను కూడా ఆ లెక్కలోనే చేరతాను.

పద్యాన్ని రాగంతో చదివి వినిపించడం తెలుగు పండితులకు కొత్తకాదు. వాగ్గేయకారుల విషయంలో ఆ శ్రవణసంస్కారం పాఠ్యప్రణాళికలో భాగం కావాలి. పరిశోధకుడు ఒక ధ్వనిముద్రణను ఉదాహరించేటప్పుడు గాయకుని పేరు, ముద్రణ రూపం, తెలిసినంతవరకు సంవత్సరం, నిడివి, పాడిన చరణాలు, ఎత్తుగడ, నెరవు చేసిన పాదం నమోదు చేస్తే చాలు. ఈ వివరాలు ఉంటే మరొకరు దాన్ని సరిచూడగలరు. సరిచూడగలిగినదేదైనా పరిశోధనకు ఆధారమే.

5. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. ధ్వనిముద్రణ కృతికి ఒక పాఠం. ఎత్తుగడ, చరణాల ఎంపిక, పదవిభాగం, నెరవు గాయకుని పాఠనిర్ణయాలు.

2. ధాతువు పునరుక్తమయ్యే చోట చరణలోపం అధికం. 'ఇక్ష్వాకు కులతిలక', 'నానాటి బతుకు' వంటి రచనలలో నడిమి చరణాలే భావానికి ఆయువుపట్టు.

3. క్షేత్రయ్య పదాలను అనుపల్లవితో ఎత్తుకున్నప్పుడు నాయిక మనఃస్థితి శ్రోతకు వేరుగా అందుతుంది. దీన్ని పదసాహిత్య విమర్శ పరిగణించాలి.

4. వ్యవధి పరిమితి తొలగిన ఈ కాలంలో సంపూర్ణసాహిత్యంతో కూడిన ముద్రణలకు సంగీత, తెలుగు శాఖలు కలిసి పనిచేయవలసి ఉంది.

వచ్చే ఏడాది అదే పదాన్ని మళ్లీ పాఠం చెప్పవలసి ఉంది. ఈసారి రికార్డును ముందు వినిపించి, పుస్తకాన్ని తరువాత తెరవాలనుకుంటున్నాను. పాడని చరణాలను ఆ తరగతిలోనే చదివించి, వాటికి రికార్డులో చోటు ఎక్కడ ఉండవలసిందో విద్యార్థులనే గుర్తించమంటాను.